దీపాలాయన చూపు

దీపాలాయన తన అరచేతిని లైటు కింద పెట్టి, బొటనవేలి కింది కండను గట్టిగా నొక్కి వదిలాడు. నొక్కినచోట చర్మం పాలిపోయి, రెండు క్షణాల తర్వాత మెల్లగా ఎర్రబడింది. ఆ ఎరుపు కంటికి ఆనాలి. ఆనితే ఆ లైటు చేపల తొట్టి మీద పెట్టడానికి పనికొస్తుంది. ఆనకపోతే దాని కింద చేపైనా, మొక్కైనా, మనిషైనా పీనుగులాగే కనిపిస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పరీక్ష ఇదొక్కటే. తృప్తిగా తలాడించి, ఆ ఎల్‌ఈడీ స్ట్రిప్పును మధ్య ట్రేలో వేసి, ఇంకొకటి తీశాడు.

చేపల తొట్లు అమ్మే షాపు అది. ముందుగదిలో నలభై గాజుతొట్లు, రోజంతా వాటిలో బుడగల చప్పుడు, నిలవనీటి వాసన, కౌంటరు వెనక యజమాని. వెనకగదిలో రెండే బల్లలు. కిటికీ పక్కది దీపాలాయనది, తలుపు పక్కది సోల్డరింగ్ చేసే అమ్మాయిది. కిటికీ అన్న మాటేగానీ, తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ. ఆ గోడ ఏ రంగో ఇరవై రెండేళ్ళలో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆయనకు కావలసిన రంగులన్నీ బల్లమీదే ఉండేవి.

ఆ షాపువాళ్ళు ఎల్‌ఈడీ లైట్లను తయారుగా కొని అమ్మరు. స్ట్రిప్పులు చుట్టలుగా వస్తాయి. వాటిని తొట్టి పొడవుకు కత్తిరించి, అల్యూమినియం చానల్లో అతికించి, తీగలు సోల్డర్ చేసి, నీరు చొరకుండా సీలు వేసి ఇస్తారు. చుట్ట మీద వైట్ అని అచ్చువేసి ఉంటుంది గానీ, ఆ రాతను నమ్ముకుంటే కొంప మునిగినట్టే. ఒకే చుట్టలో మొదటి సగం ఒక రంగు, రెండో సగం మరో రంగు. అందుకని దీపాలాయన ప్రతి ముక్కనూ వెలిగించి మూడు ట్రేల్లోకి ఏరతాడు. పసుపు కలిసినట్టుండేది వార్మ్. పగటి వెలుగులా ఉండేది వైట్. నీలం తొంగిచూసేది కూల్. ఇంట్లో తొట్టి పెట్టుకుని నాలుగు మొక్కలు కూడా పెంచుకునేవాళ్ళకి కావలసింది వైట్. అందులో ఎరుపు సరిపడా ఉంటుంది, మొక్కకి తిండి దొరుకుతుంది, చేప ఒంటి రంగు తేటగా కనిపిస్తుంది. కూల్ పెడితే మూడు వారాల్లో ఆకులు గోధుమరంగుకు తిరిగి కుళ్ళిపోతాయి, గాజుకు పాచి పడుతుంది. ఎర్రచేప బూడిద పూసుకున్నట్టవుతుంది. షాపులో నిలబడి కొనేటప్పుడు మాత్రం అన్నీ ఒకేలా ధగధగలాడతాయి.

ఆ తేడా షాపులోనే పట్టుకోగల మనిషి కాబట్టే ఆయన దీపాలాయన అయ్యాడు. యాభై తొమ్మిదేళ్ళవాడు, సన్నటి మనిషి, మెడ కొంచెం ముందుకు సాగి ఉంటుంది. సీలు వేసే జిగురు అంటీ అంటీ కుడిచేతి వేళ్ళ కొసలు గట్టిపడిపోయాయి. ఏడాది పొడవునా తెల్లటి పొట్టిచేతుల చొక్కాలే వేసుకుంటాడు. ఆ తెలుపు మీద వాళ్ళింట్లో కొన్నాళ్ళుగా యుద్ధం నడుస్తోంది. చొక్కా పచ్చబడిపోయింది, సరిగ్గా ఉతకడం లేదంటాడు ఆయన. భార్య నీలిమందు ఇంకో చుక్క వేస్తుంది. ఇంకా పచ్చగానే ఉందంటాడు. ఆవిడ ఇంకో చుక్క వేస్తుంది. ఇవాళ పొద్దున ఆవిడకి విసుగొచ్చి బకెట్టు తెచ్చి ఆయన ముందే పెట్టింది.

"మీరే వేసుకోండి. సీసా అయిపోయేదాకా వేసుకోండి. ఇప్పటికే ఆకాశం తొడుక్కుని తిరుగుతున్నట్టున్నారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దాం రండి," అంది.

ఆవిడ ఆ మాట అనడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ ఆయన పెడచెవిని పెట్టాడు. కంటిని నమ్ముకుని బతికేవాడు కంటి డాక్టరు గుమ్మం ఎక్కుతుంటే ఎవరైనా చూశారంటే ఇంకేమైనా ఉందా. నిజానికి ఆయనకి అనుమానం లేకపోలేదు. ఈ మధ్య వీధిలైట్ల చుట్టూ పొగలాంటి వలయం కనిపిస్తోంది. పేపరు చదవాలంటే గుమ్మంలోకి జరగాల్సి వస్తోంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఏదో ఒక లైటు కింద చెయ్యి పెట్టి నొక్కి చూసుకునేవాడు. ఎరుపు కనిపించేది, మనసు కుదుటపడేది. తనకు తెలిసిన చేతిలో ఎరుపు ఎక్కడ రావాలో తెలిసినవాడికి అది కనిపించకుండా ఎలా ఉంటుంది. భయపడిన మనిషి తనకు కావలసిందే చూస్తాడు, అందులో ఆయన్ని పెద్దగా తప్పుపట్టాల్సింది లేదు. తప్పు పట్టాల్సింది తర్వాత వస్తుంది.

సోల్డరింగ్ అమ్మాయి తొమ్మిదిన్నరకి వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. నాలుగేళ్ళ క్రితం చేరింది, పని నేర్పింది దీపాలాయనే. ఇప్పుడు ఆయనకన్నా నేర్పుగా చేస్తుంది. ఆయన పెట్టే సోల్డరు బొట్టు శనగగింజంత ఉంటే, ఆ అమ్మాయిది ఆవగింజంత. ఆరేళ్ళ కూతుర్ని పెట్టుకుని తల్లితో ఉంటుంది. ముగ్గురికీ ఆ తలుపు పక్క బల్లే ఆధారం. సంచి కొక్కేనికి తగిలిస్తూ ఆయన వైపు చూసింది.

"కొత్త చొక్కానా బాబాయ్? రంగు బాగుంది."

"రంగేమిటమ్మడూ, తెల్లదేగా."

ఆ అమ్మాయి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేదాకా దాని మొనవైపే చూస్తూ కూర్చుంది.

పదింటికి యజమాని వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు. తండ్రి బతికి ఉన్న రోజుల్లో, నిక్కరు వేసుకున్నప్పటి నుంచీ దీపాలాయన చూసిన మనిషి. చెడ్డవాడు కాదు, కాకపోతే షాపు పేరు అంటే ప్రాణం.

"పెద్దాయనా, నెలలో రెండు లైట్లు వెనక్కొచ్చాయి. వైట్ అని ఇచ్చాం, రెండూ కూలే. మీరు ఏరి ఇచ్చిన ట్రేలు ఈ అమ్మాయి కలిపేస్తోంది. మొన్నే చెప్పాను, ఇంకొక్కటి వచ్చిందంటే నేను ఊరుకోను. నీ మనసు పనిమీద లేదమ్మా, ఇష్టం లేకపోతే చెప్పు."

"కలపలేదు సార్," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండా.

యజమాని దీపాలాయన వైపు తిరిగాడు. ఆయన కళ్ళు నులుముకుంటూ, కిందటివారం అన్న మాటే మళ్ళీ అన్నాడు. "నేను ఏరింది తప్పుపోదు బాబూ." ఆ మాటలో అబద్ధం ఉందని ఆయన అనుకోలేదు. ఆ మాట ఎవరి మెడకి చుట్టుకుంటుందో కూడా ఆలోచించలేదు. మనిషికి తన పేరు మీద మమకారం అలాంటిది.

ఆ అమ్మాయి మనసు నిజంగా పనిమీద లేని రోజులూ ఉన్నాయి, అవి యజమానికి తెలియనివి. పోయిన నెలలో యజమాని చేపలు కొనడానికి పదిరోజులు పొరుగూరు వెళ్ళినప్పుడు, ఆ అమ్మాయి కూతురికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో పెట్టారు. చెప్పకుండా సెలవు పెడితే యజమానికి అస్సలు పడదు. ఫోను చేస్తే వీల్లేదంటాడేమోనని ఆ పిల్ల దీపాలాయన బల్ల ముందు నిలబడి కొంగు నలుపుకుంటుంటే, "పోయి పాపని చూసుకో. ఇక్కడ నేను లేనా," అన్నాడు ఆయన. ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ ఏరడం, కత్తిరించడం, సోల్డరింగు, సీలు అన్నీ ఒంటిచేత్తో చేసుకొచ్చాడు. పాప తేరుకుంది, యజమాని తిరిగొచ్చాడు. ఆ సంగతి ఇద్దరూ కడుపులోనే పెట్టుకున్నారు. ఆ విషయంలో దీపాలాయనకి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పన్నెండు గంటలప్పుడు లెక్కల మాస్టారు వచ్చాడు. ఉద్యోగం నుంచి రిటైరై ఏడేళ్ళయింది, ఆ ఏడేళ్ళూ ఇంట్లో చేపల తొట్టి ముందే గడిపాడు. కౌంటరు దగ్గర ఆగే అలవాటు లేదు, నేరుగా వెనకగదిలోకే వస్తాడు. ఇవాళ కళ్ళకి నల్లద్దాలు ఉన్నాయి, చంకలో టవలు చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది.

"ఏమయ్యా దీపాలాయనా, నాకు అంటగట్టింది ఏమిటిది?" అంటూ టవలు విప్పి, మూడు వారాల క్రితం కొన్న లైటు బల్లమీద పెట్టాడు.

దీపాలాయన దాన్ని వెలిగించాడు. ముచ్చటగా, తెల్లగా వెలిగింది. "బాగానే ఉందిగా మాస్టారూ. కొన్నరోజు ఇద్దరం ఇక్కడే చూశాంగా."

"చూశాం. నువ్వు తెలుపన్నావు, నాకూ తెలుపే కనిపించింది. అప్పటికి నా కళ్ళల్లో పొరలున్నాయి కదయ్యా. పోయినవారం రెండో కంటికి కూడా పొర తీయించుకుని ఇంటికెళ్ళి తొట్టి ముందు కూర్చున్నాను. నా ఎర్రచేపలు నీలిమందులో ముంచి తీసినట్టున్నాయి. పక్కన మా ఆవిడ నిలబడితే ఆవిడ మొహమూ అలాగే ఉంది. నేను జడుసుకుంటే ఆవిడ తాపీగా, నాకు మొదటిరోజు నుంచీ అలాగే కనిపిస్తోంది, మీరిద్దరూ పెద్ద తెలిసినవాళ్ళు కదా అని ఊరుకున్నాను, అంది."

మాస్టారు తన మాటకి తనే నవ్వాడు. దీపాలాయన నవ్వలేదు.

"మా ఇంటి గోడలు అంత తెల్లగా ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదంటే నమ్ముతావా? పొర కమ్మితే లోకమంతా పసుపు అద్దంలోంచి చూసినట్టట. అలాంటివాడికి నీలం కలిస్తేగానీ తెలుపు అనిపించదట, డాక్టరు చెప్పాడు. మెల్లగా వస్తుంది కాబట్టి వచ్చిన సంగతి మనకే తెలియదు. అవునూ, నువ్వెప్పుడైనా చూపించుకున్నావా?"

"నా కళ్ళకేం మాస్టారూ, బాగానే ఉన్నాయి."

అంత తొందరగా ఆయన ఎప్పుడూ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. తలుపు పక్క బల్ల దగ్గర సోల్డరింగ్ చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి లేచి, షెల్ఫులోంచి ఒక లైటు తీసి, తుడిచి మాస్టారుకి ఇచ్చింది.

"ఇది పెట్టి చూడండి మాస్టారూ. రోజుకి ఎనిమిది గంటలు చాలు, ఎక్కువ వద్దు."

ప్లగ్గు పెట్టగానే ఆ లైటు దీపాలాయన కళ్ళకి పసుపు ముద్దలా కనిపించింది. తన చేతికి వస్తే సందేహించకుండా వార్మ్ ట్రేలో పడేసేవాడు. మాస్టారు నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, దాని కింద తన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. దీపాలాయన బల్లమీద పరీక్ష కోసం పెట్టుకున్న చిన్న తొట్టి ఉంది, అందులో ఒకే ఒక ఎర్రచేప. మాస్టారు లైటును ఆ తొట్టి మీద పట్టుకున్నాడు.

"అదీ, తెలుపంటే ఇదీ," అన్నాడు. "పోయిన మొక్కలు ఎలాగూ పోయాయి. ఏడేళ్ళు పెంచాను, వేళ్ళతో సహా కుళ్ళాయి. నీమీద కోపం లేదులే, వస్తాను."

ఆయన కొత్త లైటు పట్టుకుని ముందుగదిలోంచి వెళ్తుంటే యజమాని పలకరించడం వినిపించింది. మాస్టారు ఏం చెప్పాడో తెలియలేదు గానీ, వెంటనే యజమాని గుమ్మంలోకి వచ్చాడు. బల్లమీది లైటు చూశాడు. స్విచ్చి వేసి, అర క్షణం చూసి ఆపేశాడు.

"మూడోది," అన్నాడు. "సాయంత్రం మాట్లాడుకుందాం." అది ఆ అమ్మాయితో అన్న మాట.

ఆయన వెళ్ళాక దీపాలాయన ఆ లైటు చానల్ మూత ఊడదీశాడు. ఎందుకు తీస్తున్నాడో ఆయనకి తెలుసు, తెలియనట్టు తీశాడు. తీగ అతికిన చోట వేలు పెట్టి తడిమాడు. గరుగ్గా, ఉబ్బుగా, శనగగింజంత బొట్టు. ఇంకో కొస తడిమాడు. అదీ అంతే. నాలుగేళ్ళలో ఆ అమ్మాయి చేత్తో ఒక్కసారి కూడా అంత మోటు బొట్టు పడలేదు. ఆ లైటు ఆ అమ్మాయి లేని ఆరు రోజుల్లో తయారైంది. ఏరింది తనే, అతికించింది తనే, తెలుపని చెప్పి మాస్టారు చేతిలో పెట్టింది కూడా తనే.

ఆయన మూత మళ్ళీ బిగించి, లైటును బల్లకింద పెట్టి, కాసేపు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నిజం చెబితే సరిపోతుంది. అయితే ఆ నిజానికి తోకలు చాలా ఉన్నాయి. కళ్ళు పోతున్నాయని చెప్పాలి, ఆ వారం ఆ అమ్మాయి రాలేదని చెప్పాలి, వెళ్ళమంది తనేనని, నెలరోజులుగా యజమాని దగ్గర దాస్తున్నామని చెప్పాలి. చెప్పాక రంగు తెలియని దీపాలాయనని ఎవరు ఉంచుకుంటారు? ఇంకే షాపులో రానిస్తారు? పొర తీయించుకోవచ్చు, నిజమే. అది తీయించుకోవాలంటే ముందు ఉందని ఒప్పుకోవాలి. అందరిముందూ, ఇంకా ముఖ్యంగా తనముందు.

భోజనం వేళ ఇద్దరూ ఎప్పటిలాగే ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

"తినండి బాబాయ్."

"ఆకలి లేదమ్మడూ. పాప ఎలా ఉంది?"

"బాగుంది. స్కూల్లో బొమ్మలేయమంటే చేపల తొట్టి వేసిందట. చేపలకంటే మన లైటే పెద్దది." ఆ అమ్మాయి నవ్వింది. "కింద మీ బొమ్మ కూడా వేసింది. చెవులు మాత్రం ఏనుగువి."

ఆయనకి ఆ క్షణంలోనే చెప్పేయాలనిపించింది. ఆ పిల్ల గోరుతో డబ్బా అంచు గీరుతూ ఇంకేదో చెబుతోంది. ఆయన చెవికి ఎక్కడం లేదు. యజమాని పిలిచినప్పుడు, ఆయన ముందే చెబుతాను, అదే పద్ధతి, అని తనకి తను సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు ఎంత హాయిగా ఉందంటే, నాలుగు ముద్దలు కూడా తినగలిగాడు.

మధ్యాహ్నమంతా ఆయన ఒక్క స్ట్రిప్పు కూడా ఏరలేదు. వెలిగించి, చూసి, ఏ ట్రేలోనూ వేయకుండా పక్కన పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయనకి రంగు తెలియలేదు. అంటే, తెలియలేదని తెలిసింది. ఆ అమ్మాయి మాత్రం ఏమీ జరగనట్టు నాలుగు లైట్లు పూర్తిచేసి గోడకి ఆనించింది.

నాలుగింటికి యజమాని వచ్చాడు. కూర్చోలేదు. చెప్పడం ఆయనకీ ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నాలుగేళ్ళుగా ఉన్నావు, నాకూ బాధగానే ఉందమ్మా. మూడు లైట్లు. మాస్టారు మొక్కలన్నీ పోయాయి. ఇలా అయితే మన దగ్గరికి ఎవరొస్తారు? రేపట్నుంచి వేరే మనిషి వస్తాడు."

"నేను కలపలేదు సార్."

"నువ్వు కలపకపోతే మరి పెద్దాయన తప్పు ఏరాడంటావా?"

ఆ అమ్మాయి తలెత్తి దీపాలాయన వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. మీరు చెబుతారా, నేను చెప్పనా అన్నట్టు మాత్రం ఉంది. ఆ వారం నేను లేను సార్ అని ఒక్క మాట అంటే ఆ పిల్ల బయటపడుతుంది. ముందుగదిలో నలభై తొట్ల బుడగలు ఒకటే చప్పుడు. దీపాలాయన తల దించుకుని, బల్లమీద లేని ధూళి చేత్తో తుడిచాడు.

"లేదు సార్, అలా అనడం లేదు," అంది ఆ అమ్మాయి.

యజమాని "పాప జాగ్రత్త," అని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి ఐరన్ మొనను తడి స్పాంజి మీద రుద్ది, ప్లగ్గు తీసి, తీగ చుట్టింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. సంచి తీసుకుని భుజాన వేసుకుంది. దీపాలాయన లేచి నిలబడ్డాడు గానీ ఆయనకి మొహం చెల్లలేదు.

"అమ్మడూ," అన్నాడు.

"కళ్ళు చూపించుకోండి బాబాయ్. మాస్టారు చేయించుకున్నారుగా, చిన్న ఆపరేషనేనట. భయపడకండి." ఆ అమ్మాయి గొంతు మామూలుగానే ఉంది. "పాపకి స్కూలు వదిలే టైమైంది, వెళ్తాను."

వెళ్ళిపోయింది. ముందుగది తలుపుకి కట్టిన గంట ఒకసారి మోగింది. నాలుగేళ్ళు అక్కడ పనిచేసిన మనిషి వెళ్ళిపోవడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. భయపడకండి అన్న మాట మాత్రం ఆయన చెవిలోనే ఉండిపోయింది. తను భయపడ్డాడని ఆ పిల్లకి తెలుసు. తెలిసీ తనకే ధైర్యం చెప్పి వెళ్ళింది. అంతకంటే చెంపమీద కొట్టి ఉంటే నయంగా ఉండేది.

అరగంట తర్వాత ఆయన కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఆ లైట్ల సంగతి. ఆ అమ్మాయి తప్పు కాదు. నా కళ్ళే సరిగ్గా కనిపించడం లేదేమో."

యజమాని ఆయన్ని చూసి జాలిగా నవ్వాడు. "నాకు తెలుసు పెద్దాయనా, మీరు ఇలా వస్తారని. మీరు నేర్పిన పిల్ల, మీకు ఉండదూ. ఇరవై రెండేళ్ళ పేరు ఆ అమ్మాయి కోసం పాడుచేసుకోకండి. మా నాన్న పోయేముందు కూడా చెప్పాడు, ఆయన కన్నే మన బోర్డు అని."

ఆరు రోజుల సంగతి దీపాలాయన నాలుక చివరిదాకా వచ్చింది. యజమాని అప్పటికే తాళంచెవులు తీసి ఆయన చేతిలో పెడుతున్నాడు. "నాకు పనుంది, తొందరగా వెళ్తున్నాను. ఆరింటికి మీరే మూసేయండి. ఆ బల్ల కాస్త ఖాళీ చేసి ఉంచండి, పొద్దున కొత్తతను వస్తాడు."

ఆయన తాళంచెవులు తీసుకుని వెనకగదిలోకి వచ్చాడు. నా కళ్ళు కనిపించడం లేదు అని ఉంటే సరిపోయేది. చివర ఒక ఏమో తగిలించాడు. ఆ చిన్న సందులోంచి యజమాని తప్పుకున్నాడు, తనూ తప్పుకున్నాడు. వీధిలో పడింది ఆ అమ్మాయొక్కతే.

బల్ల ఖాళీ చేయడానికి పెద్దగా ఏమీ లేదు. సోల్డరు తీగ, పట్టుకారు, రెండు స్పాంజీలు, కూతురి జుట్టు రిబ్బను ఒకటి. అడుగు సొరుగు గట్టిగా పట్టేసి ఉంది. రెండుసార్లు లాగితే వచ్చింది. అందులో చెప్పుల అట్టపెట్టె ఉంది. మూత తీస్తే, దారంతో కట్టలు కట్టిన స్ట్రిప్పు ముక్కలు. ప్రతి కట్టకీ ఒక చీటీ. ఆయన గుమ్మంలోకి వెళ్ళి, చీటీని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదివాడు. తారీఖు, దాని కింద వంకర అక్షరాలతో రెండు ముక్కలు. బాబాయ్ వైట్ అన్నవి. కావు.

ఇంకో కట్ట తీశాడు. అదే రాత, వేరే తారీఖు. ఇంకొకటి. కింది కట్ట ఎనిమిది నెలల కిందటిది. అంటే ఎనిమిది నెలలుగా, ఆయన ఏరిన ట్రేలోంచి ఆ అమ్మాయి తప్పువి తీసేసి, ఆయన వార్మ్ అని పడేసిన వాటిలోంచి సరైనవి వెతికి అతికిస్తోంది. ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా. ఈ ఎనిమిది నెలల్లో లైటు కొన్నవాళ్ళు వచ్చి మీ కన్నే కన్ను అని మెచ్చుకుంటే, ఆయన తలాడించి ఒప్పుకున్నాడు. అప్పుడు ఆ పిల్ల మూడడుగుల దూరంలో తల వంచుకుని సోల్డర్ చేసుకుంటూ ఉండేది.

కట్టలన్నీ బల్లమీద తారీఖుల వరసన పేర్చాడు. పోయిన నెలలో ఆరు రోజులకి చీటీల్లేవు. ఆ ఆరు రోజులూ ఆయన ఏరింది ఏరినట్టే జనాల ఇళ్ళకి వెళ్ళింది.

ఆయనకి దుఃఖం వచ్చింది. చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుని, ఫోను తీశాడు. యజమానికి చేద్దామనుకుని, మళ్ళీ జేబులో పెట్టేశాడు. నోటితో చెబితే మళ్ళీ చివర ఏమో అంటాడని తనమీద తనకే నమ్మకం లేకపోయింది. కౌంటరు మీది పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి, అక్షరాలు పెద్దవి చేసి, ఒత్తి రాశాడు.

"బాబూ, ఈ పెట్టెలోవన్నీ నేను వైట్ అని ఏరినవి. ఒక్కటీ వైట్ కాదు. ఎనిమిది నెలలుగా ఆ అమ్మాయి వీటిని తీసేసి మన పరువు కాపాడింది. వెనక్కొచ్చిన మూడూ నేను చేసినవి. మీరు ఊళ్ళో లేనప్పుడు ఆ అమ్మాయి ఆరు రోజులు రాలేదు. పాపకి జ్వరమైతే వెళ్ళమని చెప్పింది నేను, మీకు చెప్పకుండా దాచింది నేను. నాకు రంగులు తెలియడం లేదు. రేపట్నుంచి రాను. కొత్తతన్ని వద్దనండి. ఆ అమ్మాయిని పిలిచి ఏరే పని కూడా ఆ అమ్మాయికే ఇవ్వండి."

రాసింది రెండుసార్లు చదివాడు. ఎక్కడా ఏమో లేదు. కాగితాన్ని, అట్టపెట్టెనీ కౌంటరు మీద పెట్టాడు. పొద్దున రాగానే ముందు కాగితం కాదు, వెలుగే కనపడాలనిపించింది. కట్టలోంచి మూరెడు స్ట్రిప్పు ఒకటి విప్పి, తీగలు కలిపి, వెలిగించి, పెట్టె మూత మీద పరిచాడు. తొట్లకి మేత చల్లాడు. మిగిలిన లైట్లన్నీ ఆర్పేశాడు. అప్పటికి ఆరయింది, వీధిలో ఇంకా వెలుగు ఉంది.

గ్రిల్లు లాగి తాళం వేసి, తాళంచెవులు పక్కషాపు దర్జీకి ఇచ్చాడు. పొద్దున ముందు ఎవరొస్తే వాళ్ళకి ఇమ్మన్నాడు. దర్జీ మెడలో టేపుతోనే బయటికి వచ్చి, గ్రిల్లులోంచి లోపలికి తొంగిచూశాడు.

"రేపు మీరు రారా? అదేంటి, లోపల నీలం లైటు వదిలేశారు?"

"ఉండనీ. పొద్దున చూస్తారు."

దర్జీ లోపలికి వెళ్ళిపోయాడు. దీపాలాయన గ్రిల్లు పట్టుకుని ఇంకోసారి చూశాడు. కౌంటరు మీద, అట్టపెట్టె మూత మీద, ఆ మూరెడు స్ట్రిప్పు ఆయన కంటికి పాలంత తెల్లగా వెలుగుతోంది.